హృదయపూర్వక హాజరు

కాలువగట్ల పరిరక్షణ సంస్థలో ఉద్యోగులు ఆఫీసుకు రావడమనేది మొదటినుంచీ ఒక సమస్యే. కాలువలు వాటి దారిన అవి పారుతున్నాయి, గట్టు తెగితే రైతులే ఇసుక బస్తాలు మోసుకొచ్చి వేసుకుంటున్నారు. కాబట్టి సంస్థకు మిగిలిన ముఖ్యమైన పని ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకోవడం. ఆ పనిని మాత్రం సంస్థ చాలా శ్రద్ధగా చేసేది.

మొదట్లో సంతకాలుండేవి. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడంలో అక్కడివాళ్ళు ఎంత ఆరితేరారంటే, కొందరికి తమ సంతకం తమకే రాకుండా పోయింది. తరువాత బొటనవేలి యంత్రం వచ్చింది. దానికి జిగురుతో వేలిముద్రలు పోతపోసి, టిఫిన్ డబ్బాలో దాచుకుని, వంతులవారీగా ఒక్కొక్కరు వచ్చి అందరివీ వేసేవారు. ఆ తరువాత ముఖం చూసే కెమెరా పెట్టారు. దాని ముందు ఫొటోలు చూపించారు. ఫొటోల్లో ఉన్నవాళ్ళు మనుషులకంటే కదలకుండా నిలబడతారు కనుక కెమెరాకు కూడా ఆ పద్ధతే నచ్చింది.

అటువంటి సమయంలో సంస్థకు మేనేజింగ్ డైరెక్టరుగా ప్రభంజన్ గారు వచ్చారు. ప్రపంచంలో ఎక్కడైనా కొత్త పద్ధతి ఒకటి పుట్టిందని వింటే, అది తన ఆఫీసులోకి వచ్చేదాకా ఆయనకు అన్నం సహించదు. ఏదో శిక్షణా శిబిరానికి వెళ్ళి, మనిషి గుండె కొట్టుకునే తీరు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదనీ, దాన్ని వేలికొస నుంచి చదివే యంత్రం ఒకటి వచ్చిందనీ తెలుసుకుని వచ్చారు. రాగానే సిబ్బందిని సమావేశపరిచారు.

"సంతకం అరువివ్వచ్చు. వేలు అరువివ్వచ్చు. ముఖం కూడా అరువివ్వచ్చని మీరు నిరూపించారు. గుండెను ఎవరూ అరువివ్వలేరు" అన్నారు. ఆ పథకానికి 'హృదయపూర్వక హాజరు' అని ఆయనే పేరు పెట్టి, ఆ పేరుకు ఆయనే ముందుగా చప్పట్లు కొట్టారు.

ఈ హాజరు దొంగతనాలతో ఏ సంబంధమూ లేని మనిషి ఆ ఆఫీసులో ఒక్కడున్నాడు. అతని పేరు గుబ్బల తాతారావు, డ్రాఫ్ట్స్‌మన్. గట్టు ఎంత ఎత్తుండాలి, ఎంత వాలుండాలి అని ట్రేసింగు కాగితం మీద గీయడం అతని పని. ఆ గట్లు ఎవరూ కట్టకపోవడం అతని తప్పు కాదు. కోనసీమ వైపు మనిషి, ఆఫీసు ఉన్న ఊళ్ళోనే చిన్న అద్దె ఇంట్లో భార్య సీతారత్నంతో ఉంటున్నాడు. రోజూ తలుపులు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు, ఎందుకంటే వేళకు రావాలని సర్క్యులర్‌లో ఉంది. సర్క్యులర్ అంటే అతనికి ఇంట్లో కూడా సర్క్యులరే. ఆఫీసులో నీరు పొదుపు చేయాలని ఒకసారి కాగితం వస్తే, ఆ వేసవంతా ఇంట్లో సగం బకెట్టుతో స్నానం చేశాడు. సీతారత్నం ఎంత తిట్టినా ఆ మిగతా సగం ముట్టలేదు.

యంత్రం వచ్చిన మొదటి రోజు అందరూ వరుసగా వేలు పెట్టి తమ గుండెను నమోదు చేయించుకున్నారు. తాతారావూ పెట్టాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ పెడితే యంత్రంలోంచి ఒక ఆడగొంతు తీయగా, "క్షమించండి, మీరెవరో మాకు తెలియదు" అంది. మరునాడు పొద్దున్నా అదే మాట అంది. వేలు తుడుచుకుని పెట్టినా, వేరే వేలు పెట్టినా, ఇష్టదేవతకు దణ్ణం పెట్టుకుని పెట్టినా ఆ గొంతు అతన్ని గుర్తుపట్టలేదు. టిఫిన్ డబ్బాలో వేళ్ళు మోసుకొచ్చినవాళ్ళందరికీ హాజరు పడుతోంది. వేళ తప్పని మనిషికి మాత్రం పడటం లేదు.

వారం తిరగకుండా పరిపాలనాధికారి అనంతశయనం గారు అతనికి మెమో ఇచ్చారు. అనంతశయనం గారు ఫైళ్ళలో రాసే భాషలోనే మాట్లాడతారు. టీ కావాలన్నా, తేనీరు సరఫరా నిమిత్తం తగు చర్య తీసుకోవలసినదిగా బంట్రోతును ఆదేశిస్తారు. మెమోలో ఇలా ఉంది: 'తమరి స్థానములో ప్రతిదినము వేర్వేరు గుర్తుతెలియని వ్యక్తులు కార్యాలయములో ప్రవేశించుచున్నట్లు యంత్రము ద్వారా వెల్లడైనది. సదరు వ్యక్తులను తమరు ఏ అధికారముతో పంపుచున్నారో వివరణ ఇవ్వవలెను.'

తాతారావు ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాడు.

"నేనే కదండీ వస్తన్నాను. రోజూ మీకు నమస్కారం కూడా పెడతన్నాను కదండీ."

"నమస్కారం పెట్టుచున్న వ్యక్తి తమరేనని యంత్రం ధ్రువీకరించలేదు" అన్నారు అనంతశయనం గారు. "తమరిని నేను పాతికేళ్ళుగా ఎరుగుదును. అది నా వ్యక్తిగత అభిప్రాయం. వ్యక్తిగత అభిప్రాయం మీద కార్యాలయం నడవదు."

ఇంటికి వెళ్ళి చెబితే సీతారత్నం మెమో సంగతి వదిలేసి, అసలు యంత్రానికి అర్థంకాని గుండె ఏమిటని అతని మణికట్టు పట్టుకుని చూసింది. కాసేపు గబగబా కొట్టుకుని, కాసేపు ఆగి, మళ్ళీ దారితప్పినట్టు రెండుసార్లు కొట్టుకుంది. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. మరుసటి రోజే డాక్టర్ హైమావతి గారి దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు ఈసీజీ తీసి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని చెప్పింది. గుండె పై గదులు రెండూ గట్టిగా ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతుంటాయట. అందుకే కింది గదులకు ఒక వరుసంటూ లేకుండా పోయిందట. పై గదిలో రక్తం సరిగా కదలక నిలబడిపోతే గడ్డకడుతుంది, ఆ గడ్డ ఎప్పుడో కదిలి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. తాతారావుకు సంగతి అర్థమైంది. నీరు నిలబడిపోయిన కాలువలో గుర్రపుడెక్క అల్లుకోవడం, అది ఒకరోజు కొట్టుకొచ్చి లాకు తలుపులకు అడ్డం పడటం అతను ఎన్నిసార్లు చూశాడో.

దడ తగ్గడానికి ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర రాసి, కొన్ని వారాలు వాడాక చిన్న కరెంటు షాకు ఇచ్చి గుండెను మళ్ళీ వరుసలో పెట్టే ప్రయత్నం చేద్దామంది డాక్టరు. ఆఖరున రెండో మాత్ర మీద వేలు పెట్టి, "దీన్ని మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు, తాతారావు గారూ. ఒంట్లో బాగానే ఉందనిపించినా సరే, షాకు పెట్టి గుండె సరయినా సరే, నేను చెప్పేదాకా వేసుకోవాల్సిందే. మిమ్మల్ని మంచాన పడకుండా కాపాడేది ఇదే" అంది. తాతారావు ఆయ్, అలాగేనండి అన్నాడు.

డాక్టరు రాసిన ఉత్తరం ఆఫీసులో ఇస్తే అంతటితో గొడవ తీరుతుందనుకున్నాడు పాపం. దాని మీద ఒక కమిటీ పడింది. కమిటీలో ఒక లెక్కల అధికారి, ఒక న్యాయ సలహాదారు, ఒక కాలువల ఇంజినీరు ఉన్నారు. ముగ్గురూ తాతారావును కుర్చీలో కూర్చోబెట్టి, వంతులవారీగా నాడి పట్టుకుని చూశారు. తరువాత టీ తాగి ఒక అభిప్రాయానికి వచ్చారు. సదరు ఉద్యోగి గుండె ఒకసారి తొందరపడుతున్న మాట నిజమే, ఒకసారి ఆలస్యం చేస్తున్న మాటా నిజమే. కాని రెంటినీ కలిపి భాగిస్తే మొత్తం మీద సమయపాలన తృప్తికరంగానే ఉంది. కనుక జబ్బు లేదు. జబ్బు లేదు కనుక ఇంతకాలం ఆఫీసుకు వచ్చినవాళ్ళెవరో అతను చెప్పి తీరాలి.

తాతారావు ఆ రాత్రి అన్నం తినలేదు. ఉద్యోగం పోతుందన్న భయంకంటే, తను రోజూ వచ్చి కూర్చుని గీసిన గీతలన్నీ ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గీశారని అంటున్నారే, అదే అతనికి ఎక్కువ దుఃఖంగా ఉంది.

గండం ఎలా గడిచిందంటే, యంత్రాన్ని అమ్మిన కంపెనీ ఇంజినీరు ఒకడు మరమ్మతుకు వచ్చి, తాతారావు గుండె లెక్కలన్నీ తిరగేసి, ఏ రెండు కొట్టుకోవడాలూ ఒకలా లేని మనిషి ఆఫీసు మొత్తంలో ఇతనొక్కడే కాబట్టి, అదే ఇతని గుర్తుగా యంత్రానికి నేర్పితే పోలేదా అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ప్రభంజన్ గారు కుర్చీలోంచి లేచారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: 'సదరు ఉద్యోగి విషయములో క్రమము లేకపోవుటయే క్రమముగా పరిగణించవలెను.'

మరునాడు వేలు పెడితే ఆడగొంతు, "గుబ్బల తాతారావు గారూ, స్వాగతం" అంది. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ప్రభంజన్ గారు సభ పెట్టి శాలువా కప్పి, లోపాన్ని సైతం వదులుకోని సంస్థ మనదని ప్రసంగించారు. శాలువాతో ఇంటికి వచ్చిన మొగుణ్ణి చూసి సీతారత్నం, "రోగానికి సన్మానం ఏంటండీ, తగ్గినాక ఇవ్వాలి గానీ" అంది. అతను శాలువా మడతపెట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

ఆ ఆనందం ఎంతో కాలం నిలవలేదు. ఒకరోజు పొద్దున్నే ప్రభంజన్ గారు ముందు చెప్పకుండా సమీక్షా సమావేశం పెట్టారు. సమీక్ష అంటే ఆయన ఒక్కొక్కరినీ లేపి, ఈ నెల ఏం చేశావని అడుగుతారు. ఏమీ చేయనివాళ్ళందరూ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చి, చెమటలు కక్కుతూ యంత్రంలో వేళ్ళు పెట్టారు. భయంతో దడదడలాడే గుండెకూ వరుస తప్పిన గుండెకూ తేడా ఏ డాక్టరైనా చెప్పగలడు. యంత్రానికి ఆ చదువు లేదు. "గుబ్బల తాతారావు గారూ, స్వాగతం" అని పేరుపేరునా అందరినీ ఆహ్వానించింది. లెక్కల అధికారి తాతారావే, న్యాయ సలహాదారూ తాతారావే. సమావేశంలో ప్రభంజన్ గారు ఎదురుగా తెర మీద చూసుకుంటే, సంస్థ మొత్తం గైరుహాజరై, ఒక్క తాతారావు మాత్రం కుర్చీలన్నింటిలోనూ కూర్చుని ఉన్నాడు.

అసలు తాతారావుకు మరో మెమో వచ్చింది. పై అధికారుల అనుమతి లేకుండా ఇన్నిసార్లు హాజరు కావడానికి కారణమేమని అడిగారు. అతను క్షమాపణ రాసిచ్చాడు.

తప్పు యంత్రంలో ఉందని ఎవరైనా అని ఉండవలసింది. కాని యంత్రం ప్రభంజన్ గారిది, గుండెలు సిబ్బందివి. ఎవరిలో తప్పుందో తేల్చడం కష్టం కాలేదు. మూడో రోజున అనంతశయనం గారు స్వహస్తాలతో ఒక సర్క్యులర్ తయారుచేసి, ప్రతి గదిలోనూ నిలబడి చదివి వినిపించారు.

'ఉద్యోగి గుండె ఇకమీదట సంస్థ యొక్క హాజరు పరికరములో అంతర్భాగము. కావున ముందస్తు అనుమతి లేకుండా దానియందు ఎట్టి మార్పు గాని, మరమ్మతు గాని, ఉద్రేకము గాని కలుగజేయరాదు.'

దాంతో ఆఫీసు తీరే మారిపోయింది. మెట్లు ఒక్కొక్కటిగా, పెళ్ళికూతురు నడిచినట్టు ఎక్కాలి. కాఫీ బంద్. ఉదయం పూట భార్యతో పోట్లాట పెట్టుకోదలచినవారు ముందురోజు మధ్యాహ్నంలోగా దరఖాస్తు చేసుకోవాలి. టైపిస్టు ఒకమ్మాయికి మనసుకు నచ్చిన సంబంధం కుదిరింది. సంతోషం తగ్గేదాకా ఆ అమ్మాయి సెలవు పెట్టుకోవలసి వచ్చింది. ప్రభంజన్ గారు గదుల్లో తిరుగుతూ, ఇంత ప్రశాంతమైన కార్యాలయాన్ని తాను ఏ రాష్ట్రంలోనూ చూడలేదని మెచ్చుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తాతారావుకు షాకు ఇచ్చే తేదీ దగ్గరపడింది. ఇంకొకడైతే నోరు మూసుకుని ఆసుపత్రికి పోయేవాడు. తాతారావు అనుమతి అడిగాడు. గుండెకు మరమ్మతు చేయించుకోదలిచానని దరఖాస్తు రాసి, రెండు చేతులతో అనంతశయనం గారికి అందించాడు.

ఆయన అది చదివి నుదురు రుద్దుకున్నారు. విషయమేమిటంటే, హృదయపూర్వక హాజరును రాష్ట్రమంతటా ప్రవేశపెట్టాలని ప్రభంజన్ గారు పైవాళ్ళను ఒప్పించారు. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. యంత్రం ఎంత కష్టమైన గుండెనైనా గుర్తిస్తుందని చూపించడానికి తాతారావునే వేదిక ఎక్కించాలని నిర్ణయమైంది. ఈలోగా అతని గుండె బాగుపడితే చూపించడానికి ఏముంటుంది?

"మంత్రివర్యుల పర్యటన ముగియు వరకు తమరి గుండె యథాతథ స్థితిలో ఉండవలెను" అన్నారు అనంతశయనం గారు.

తాతారావు తల ఊపాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"మాత్రల సంగతి ఏంటండీ మరి? రోజూ రెండు వేసుకుంటన్నానండి."

"ఎట్టి మార్పు గాని, మరమ్మతు గాని అని ఉన్నది. ఎట్టి అంటే ఎట్టి."

"ఒకటి దడకండి, అది మీరన్నట్టే మానెయ్యచ్చేమో. రెండోది గుండె కొట్టుకోడానికి కాదండి, రక్తానికండి. గడ్డకట్టకుండానండి."

"రక్తం ఎక్కడుంటుంది?"

"గుండెలోనండి."

"మరి?" అన్నారు అనంతశయనం గారు, దయగా.

తాతారావు నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరమ్మ చెప్పింది. అనుమతి లేకుండా వేసుకోకూడదని సర్క్యులర్ చెప్పింది. డాక్టరమ్మకు అతని ప్రాణం మీద ఎంత ప్రేమున్నా ఆవిడ నియామకాధికారి కాదు. సీతారత్నం నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి వంటింట్లోకి వెళ్ళగానే, రెండు మాత్రలూ చొక్కా జేబులో వేసుకుని నీళ్ళు తాగేశాడు. వేసుకున్నారా అని ఆవిడ లోపలినుంచి అడిగితే ఆఁ అన్నాడు. పెళ్ళయిన తరువాత ఆమెతో ఆడిన అబద్ధాల్లో అంత సులభంగా వచ్చినది ఇంకొకటి లేదు. ఇక్కడ తాతారావును తిట్టాలనిపించినవాళ్ళు తిట్టవచ్చు. కాని సగం బకెట్టుతో స్నానం చేసేవాణ్ణి మెచ్చుకుని, ఆదర్శ ఉద్యోగి అని పేరు పెట్టింది కూడా మనమే.

అలా రోజూ మాత్రలు జేబులోకీ, నీళ్ళు కడుపులోకీ పోయాయి. షాకు తేదీని డాక్టరమ్మే వెనక్కి జరిపిందని సీతారత్నానికి చెప్పాడు. మంత్రిగారి పర్యటన రెండుసార్లు వాయిదా పడింది. వాయిదా పడ్డ సంగతి తాతారావు గుండెకు ఎవరూ తెలియజేయలేదు.

చివరికి ఆ రోజు వచ్చింది. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ఉద్యోగుల కుటుంబాలను కూడా రమ్మన్నారు, జనం పలచగా కనిపించకూడదని. సీతారత్నం పట్టుచీర కట్టుకుని ఆడవాళ్ళ వరుసలో వెనకాల కూర్చుంది. తాతారావు వేదిక మీద ఒక చివర, పాత సన్మానంలో కప్పిన శాలువాతోనే కూర్చున్నాడు. పొద్దుటినుంచీ తలనొప్పిగా ఉందన్నాడు గాని, మంత్రిగారు వస్తున్నారు కదా, అందరికీ తలనొప్పిగానే ఉంది.

ప్రభంజన్ గారు మైకు ముందు నిలబడి, ఒకప్పుడు యంత్రానికి అంతుచిక్కని ఈ హృదయం ఇప్పుడు సంస్థ హృదయంలో స్థానం సంపాదించిందని చెప్పి, తాతారావును పిలిచారు. తాతారావు లేచాడు. కుడికాలు వెనకబడింది. ఈడ్చుకుంటూ యంత్రం దగ్గరికి వచ్చి కుడిచేయి ఎత్తబోయాడు. చేయి లెమ్మంటే లేవలేదు. తనది కాదన్నట్టు పక్కన వేలాడుతోంది. అతనికి భయం వేసింది. ఆ చేయి వైపు చూశాడు, తరువాత అనంతశయనం గారి వైపు చూశాడు. ఆయన చప్పున ముందుకు వచ్చి, ఆ చేతిని పట్టుకుని, చూపుడువేలు విడదీసి యంత్రంలో పెట్టారు.

"గుబ్బల తాతారావు గారూ, స్వాగతం" అంది ఆడగొంతు.

షామియానా దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ముచ్చటపడి తాతారావు భుజం తట్టి, ఈ పథకం గురించి రెండు మాటలు చెప్పమని మైకు అతని నోటి దగ్గర పెట్టారు. తాతారావు నోరు తెరిచాడు. "బ" అన్నాడు. మళ్ళీ "బ" అన్నాడు. మూతి ఒక పక్కకు పోయి, పెదవి చివర నుంచి చొంగ కారింది.

"ఉద్వేగం సార్. మాటలు రావడం లేదు" అన్నారు ప్రభంజన్ గారు. ఈసారి చప్పట్లు ఇంకా ఎక్కువసేపు మోగాయి.

ఆ చప్పట్ల మధ్యనే సీతారత్నం కుర్చీలు తోసుకుంటూ వేదిక ఎక్కింది. మొగుడి మూతి చూసిందో లేదో ఆవిడకు సంగతి తెలిసిపోయింది. వందన సమర్పణ ఇంకా మిగిలి ఉందనీ, మంత్రివర్యులు ఆసీనులై ఉండగా వేదిక దిగడం సంప్రదాయం కాదనీ అనంతశయనం గారు ఏదో అంటున్నారు. ఆవిడ, షామియానా వేసినతను కలిసి తాతారావును చంకల కింద పట్టుకుని ఆటోలో వేశారు. గేటు దగ్గర వాచ్‌మన్, వెళ్ళేటప్పటి హాజరు పడలేదు కదమ్మా అని నసిగాడు. సీతారత్నం అతని వంక చూసింది. అతను గేటు తెరిచాడు.

త్వరగా తెచ్చారు కనుక ప్రాణం దక్కిందంది డాక్టర్ హైమావతి. కాని కుడివైపు పడిపోయింది, మాట పోయింది. వ్యాయామంతో కొంత తిరిగి వస్తుంది, అంతా వస్తుందని చెప్పలేను అంది. మాత్ర వాడుతుంటే ఇలా ఎందుకయిందని ఆవిడ అడుగుతుంటే, సీతారత్నం మొగుడి బట్టలు మూటకడుతూ చొక్కా జేబులో చేయి పెట్టింది. ఆ పూట మాత్రలు ఇంకా అందులోనే ఉన్నాయి. తాతారావు గోడవైపు తిరిగాడు. సీతారత్నం ఆ మాత్రలు డాక్టరు చేతిలో పెట్టింది. వరండాలోకి వెళ్ళి గోడకు నుదురు ఆనించి ఏడ్చింది, తరువాత మొహం కడుక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

కొన్ని వారాలు గడిచాయి. మెదడులో దెబ్బ కుదుటపడ్డాక రక్తం మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, ఇంకొన్నాళ్ళు ఆగి, డాక్టరు ఆసుపత్రిలో చేర్చుకుని షాకు ఇచ్చింది. తాతారావు గుండె చెప్పిన మాట విన్నట్టు వరుసలో పడింది. మంచం పక్కన తెర మీద గీతలన్నీ ఒకే ఎత్తున, ఒకే ఎడంతో నడుస్తుంటే డ్రాఫ్ట్స్‌మన్ కళ్ళు వాటిమీదే నిలిచాయి.

అదే రోజు అనంతశయనం గారు ఒక చేత్తో బత్తాయిలు, ఒక చేత్తో హాజరు యంత్రం పట్టుకుని వచ్చారు. బత్తాయిలు వ్యక్తిగతం, యంత్రం అధికారికం అని ముందే చెప్పారు. జరిగినదాని మీద విచారణకు ఆదేశాలు వచ్చాయట. సర్క్యులర్ ప్రకారం గుండెలో ఎట్టి మార్పూ చేయరాదు కదా, వేసుకుంటున్న మాత్రను మానేయడం కూడా మార్పే కదా, మరి అనుమతి లేకుండా ఎందుకు మానినట్టు? ఇదీ అభియోగం. తాతారావు నోరు తెరిచి ఏదో అనబోయాడు. "బ" వచ్చింది. నిందితుడు వివరణ ఇవ్వలేదని అనంతశయనం గారు రాసుకున్నారు.

తరువాత నియమం ప్రకారం గుర్తింపు కోసం తాతారావు వేలు యంత్రంలో పెట్టారు.

"క్షమించండి, మీరెవరో మాకు తెలియదు" అంది ఆడగొంతు.

అనంతశయనం గారు రెండోసారి పెట్టారు. మూడోసారి పెట్టారు. గుండె సరయిందని సీతారత్నం చెబుతున్నా వినిపించుకోకుండా కలం తీసి, గుబ్బల తాతారావు అను ఉద్యోగి మంత్రివర్యుల సభ నుండి పరారీలో ఉన్నాడనీ, అతని స్థానంలో గుర్తుతెలియని రోగి ఒకరు ఆసుపత్రిలో ఉన్నారనీ రాసి, రాసినదాన్ని పైకి చదివారు.

సీతారత్నం ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఆగింది.

"ఈయన ఆయన కాదంటారు. మరి ఇన్నాళ్ళబట్టీ నేను ఎవరికి తినిపిస్తన్నానండీ, ఎవరికి బట్టలు మారుస్తన్నానండీ?"

"అది ఈ కార్యాలయ పరిధిలోనికి రాదమ్మా" అన్నారు ఆయన. కాని మనిషి చెడ్డవాడు కాదు. కాస్త ఆలోచించి, ఇతను తాతారావే అయ్యే అవకాశం కూడా పూర్తిగా కొట్టివేయలేము కనుక, విచారణ ముగిసేదాకా ఈ గుండెను ఇలాగే ఉంచాలనీ, ఎట్టి మందూ వేయరాదనీ జాగ్రత్త చెప్పారు.

అప్పటికే మాత్ర వేళయింది. నర్సు బల్ల మీద పెట్టి వెళ్ళిన చిన్న మూతలో అది ఉంది. సీతారత్నం అందుకోబోతే తాతారావు తల అడ్డంగా ఊపాడు. ఎడమచేయి చాపి, తడుముకుని, మాత్ర తనే తీసుకున్నాడు. అనంతశయనం గారు తాతారావు గారూ అని హెచ్చరికగా పిలిచారు. తాతారావు మాత్ర నోట్లో వేసుకున్నాడు. గ్లాసు ఎడమచేత్తోనే ఎత్తితే నీళ్ళు సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయాయి. అంత సర్వీసులో అనుమతి లేకుండా అతను చేసిన మొదటి పని అదే. మింగడానికి కొంచెం కష్టపడ్డాడు. మింగాక అనంతశయనం గారి వైపు తిరిగి, వంకరపోయిన నోరు బాగా తెరిచి, నాలుక పైకెత్తి, కింద ఏమీ దాచలేదని చూపించాడు.